లైటు ఇంటి మనిషే పట్టాలి

అతను పోయాడని నాకు గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట, కూరగాయల బండి దగ్గర తెలిసింది. చెప్పింది అతని మరదలు.

"బావ పోయి నెల దాటె టీచరమ్మా. నీకెవలు జెప్పలేదా?"

లేదన్నాను. ఏమైందని అడిగాను. పడుకున్నవాడు లేవలేదంది. ఆమె కొత్తిమీర కట్ట విదిలించి చూస్తూ చెప్పింది, నేను వంకాయలు ఏరుతూ విన్నాను. ఎవరి సంచి వాళ్లం పట్టుకుని చెరో దారిన వెళ్లిపోయాం. ఇంటికొచ్చి వంకాయ కూర చేశాను. ఉప్పు సరిగ్గానే పడింది. చావు కబురు విన్నవాళ్లు పాలు పొంగబెట్టడం, కూర మాడబెట్టడం కథల్లో చదివాను గానీ నా పొయ్యి మీద ఎప్పుడూ అలా జరగలేదు. నా మనసు ఇలాంటివాటికి ఆలస్యంగా కదులుతుంది. కొన్నిటికి అసలు కదలదు.

అతను మాకు బంధువు కాదు. స్నేహితుడు అనడానికీ లేదు. కానీ మా ఇంట్లో జరిగిన ఒక చావు నాకు గుర్తొచ్చినప్పుడల్లా, ఆ పక్కనే అతను మోకాళ్లు ముడుచుకుని కూచుని ఉంటాడు. అందుకని రాస్తున్నాను.

పేరు రాయను. దాచాలని కాదు, మేముండే చాల్‌లో, ఆ ఒంటిగది కాపురాల మేడలో, అతణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తులేరు. పెద్దవాళ్లకు వీడియో పోరడు, మాకు వీడియో అన్న, పిల్లలకు వీడియో మామ. ముఖం కూడా సగమే గుర్తుంది. కుడి సగం ఎప్పుడూ కెమెరా వెనక ఉండేది. ఎడమ కన్ను గట్టిగా మూసేవాడు కాబట్టి ఆ చెంప మీద చిన్న వయసుకే ముడతలు పడ్డాయి. అంతకుముందు మిల్లులో చేసేవాడని ఒకరు, సినిమా స్టూడియోలో కుర్చీలు మోసేవాడని ఒకరు అనేవారు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మాది బొంబాయిలో కామాటిపురా, ఒళ్లమ్ముకునే గల్లీల పేరుతోనే లోకానికి తెలిసిన పేట. ఆ మాట వినగానే ఎదుటివాళ్ల కళ్లలో ఏం కదులుతుందో నాకు బాగా తెలుసు. అలా చూసేవాళ్లకు సంజాయిషీ చెప్పే ఓపిక నాకెప్పుడో పోయింది. మా ముత్తాతలు పాలమూరు నుంచి ఈ ఊరి మేడలకు రాళ్లు మోయడానికి వచ్చారు, మోసి మోసి ఈ గల్లీల్లోనే ఉండిపోయారు. నేను అక్కడి తెలుగు బడిలో చదివి, ఆ బడిలోనే టీచరునయ్యాను. చాల్ పిల్లలు అప్పటికే ఇళ్లలో మరాఠీ, గల్లీలో హిందీ మాట్లాడేవారు. తెలుగు అక్షరాలు గుండ్రంగా రాసేవాళ్లు కావాలంటే నా దగ్గరికే వచ్చేవారు. అతను కూడా అలాగే వచ్చాడు.

ఎనభైల్లో రంగుల టీవీలు వచ్చాక, పెళ్లికి వీడియో లేకపోతే పెళ్లి కాలేదన్నట్టు తయారైంది మా వాళ్ల వరస. మా వాళ్లకైతే దానికో కారణం కూడా ఉంది. ఊళ్లో ఉన్న బంధువులంతా కూలి మానుకుని బొంబాయి రాలేరు. క్యాసెట్ ఒకటి పోతే చాలు, అక్కడ పక్క టౌన్ నుంచి వీసీఆర్ కిరాయికి తెచ్చుకుని ఊరు ఊరంతా పెళ్లి చూసేది. అందుకని తక్కువలో కావాలి, కానీ సినిమాలా ఉండాలి. ఈ రెంటి మధ్యా పడి నలిగినవాడు అతను. కెమెరా అతనిది కాదు. గ్రాంట్ రోడ్ అవతల ఒక దుకాణంలో కిరాయికి తెచ్చి, మళ్లీ అప్పగించేదాకా దాన్ని చంటిపిల్లలా ఒళ్లోంచి దించేవాడు కాదు. సొంతానికి ఉన్నవి ఒక పాత వీసీఆర్, ఒక హాలోజన్ లైటు, చుట్టలు చుట్టిన ఒక పొడుగాటి వైరు.

మొదట పేర్ల కోసం నా దగ్గరికి వచ్చాడు. సినిమా మొదట్లో వచ్చినట్టు వధూవరుల పేర్లు రావాలి. నల్ల గొంగడి నేల మీద పరిచి, దాని మీద ముగ్గుపిండితో రాయమన్నాడు. వంగి, నడుం పడిపోయేలా రాశాను. అతను స్టూలెక్కి పైనుంచి తీసి, ఇక చాలనుకోగానే విసనకర్రతో ఒక్క ఊపు ఊపాడు. పేర్లు పొగలా లేచి పోయాయి.

"ఆహా! ఏమొచ్చింది టీచరమ్మా!" అన్నాడు. అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "బటన్ నొక్కలే. మల్ల రాయాలె."

నాకు ముక్కు మీద కోపం. ముగ్గు డబ్బా అక్కడే పెట్టి వెళ్లిపోయాను. మర్నాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ రాశాను. ఆ తర్వాత చాల్‌లో ఎవరి పెళ్లైనా గొంగడి మీద అక్షరాలు నావే. అవి ఎగిరిపోతుంటే జనం ఎందుకంత మురిసిపోయేవారో రాసినదాన్ని నాకు మాత్రం అర్థం కాలేదు.

పెళ్లివారింట్లో అడుగు పెట్టగానే అతను మొదట వెతికేది పెళ్లికూతుర్ని కాదు, తెల్ల ధోతి కట్టుకున్న ముసలాయన్ని.

"తాతా, జర గీ వెలుగుల నిలవడు. థాంబ్ థాంబ్, కదలకు."

"నా మొకం రావాలె గదరా, నడుం కిందికి వెట్టినవేంది?"

"నీ మొకం తర్వాత. ముందుగాల ధోతి. ధోతి తెల్లగ కుదిరితెనే పిల్ల మొకం సక్కగొస్తది."

కెమెరాకు ముందు తెలుపేదో చూపిస్తే మిగతా రంగులు అదే సర్దుకుంటుందట. పెద్ద పెద్ద కెమెరావాళ్ల దగ్గర దానికి తెల్ల అట్ట ఉంటుంది, అతనికి తాతల ధోతులున్నాయి. మెల్లగా అదొక మర్యాదై కూచుంది. కెమెరా ముందుగా ఎవరి ధోతి మీద పెడితే వాళ్లే ఆ పెళ్లికి పెద్ద. దాని కోసం ఇద్దరు పెద్దమనుషులు మాటా మాటా అనుకుని, ఒకాయన తినకుండా లేచిపోయిన పెళ్లి నేను చూశాను. ఆ గౌరవానికి తగ్గట్టు ఉండాలని ముసలాళ్లు ధోతులకు నీలిమందు దట్టించి ఉతికించుకునేవారు. దాంతో కెమెరా ఆ నీలాన్నే తెలుపనుకుని, మిగతా పెళ్లంతా పచ్చగా తీసేది. మనుషులు, పందిరి, అన్నం, అన్నీ పసుపులో ముంచి తీసినట్టుండేవి. అతను తల పట్టుకునేవాడు. చూసినవాళ్లు మాత్రం, శుభకార్యమంటే అలాగే పచ్చగా ఉండాలి, మా పిల్ల పెళ్లికీ అదే రంగు కావాలి అని అడిగి మరీ తీయించుకునేవారు.

సినిమాల్లో కెమెరా జారుతూ పోతుందే, దానికి పట్టాలూ బండీ ఉంటాయట. ఇతనికి హాత్‌గాడీ ఉంది. బస్తాలు లాగే ఆ చెక్కబండి మీద పరుపు మడిచి వేసుకుని వెనక్కి తిరిగి కూచుంటే, పెళ్లికొడుకు స్నేహితులు లాగేవారు. చక్రాల కీచుమోత బ్యాండులో కలిసిపోయేది. బ్యాండు ఆగితే బండి ఆపమని అరిచేవాడు. పైనుంచి తీయాల్సి వస్తే నడుముకు చీర కట్టించుకుని, రెండు కొసలూ ఇద్దరు పట్టుకోగా మూడో అంతస్తు వరండాలోంచి ముందుకు వేలాడేవాడు. వేలాడుతూ ఊరుకుంటాడా అంటే, "పట్టుకున్రా? గట్టిగ పట్టుకున్రా?" అని అడుగుతూనే ఉండేవాడు. మా చాల్ పెళ్లిళ్లన్నిట్లో మంత్రాల మధ్య ఆ ప్రశ్న వినిపిస్తుంది.

వీధి మలుపుల దగ్గర మాత్రం నోరెత్తేవాడు కాదు. ఏ గల్లీ కెమెరాలో పడకూడదో అతనికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. క్యాసెట్ వియ్యాలవారి ఊరికి పోతుంది, వాళ్లు ఈ మూలనుంచి ఆ మూలకు వెతికి వెతికి చూస్తారు. బరాత్ ఆ మలుపు దాటేంతసేపూ కెమెరాను గుర్రం జూలు మీద, పెళ్లికొడుకు బాసికం మీద నిలిపేవాడు. బాసికం అంతసేపు చూపిస్తున్నాడంటే పక్కన ఏ గల్లీ ఉందో మాకు తెలిసేది, ఊళ్లోవాళ్లకు తెలిసేది కాదు.

తీసినదాన్ని కత్తిరించి అతికించే యంత్రం లేదు. అందుకని ఏది ముందు జరిగితే అది ముందు, ఏది ఎంత కావాలో అంతే. ఊపిరి బిగబట్టి తీసేవాడు. బటన్ వదిలాక 'హుఁ' అని వదిలేవాడు. "అయిందేదో అయినట్టే ఉంటది టీచరమ్మా. నడుమల నుంచి తీసేద్దమంటె లేదు" అనేవాడు. వేదాంతం చెబుతున్నాడేమో అనుకునేదాన్ని గానీ, అతనికి అలాంటి ఉద్దేశమేమీ ఉండేది కాదు.

ఇన్నింటికీ సర్దుకునేవాడు గానీ ఒక్కదానికి మాత్రం మొండిపట్టు. లైటు ఆ ఇంటి మనిషే పట్టాలి. జీతానికి మనిషిని తెచ్చుకునే స్తోమత లేక అలా అంటున్నాడని మొదట అందరం అనుకున్నాం. ఒకరు ఊరికే పట్టడానికి మనిషిని పంపిస్తామన్నా ఒప్పుకోలేదు.

"నేను బయటోన్ని. ఎవలు మేనత్తనో, ఎవలు అలిగి మూలకు కూసున్రో నాకేం ఎరుక? ఇంటోనికి ఎరుక. వాని చెయ్యి ఎటు తిరిగితె నా కెమెరా గటే."

నిజంగానే అతని కెమెరా లైటు వెనక పోయేది. ఒక పెళ్లిలో పెళ్లికూతురి చిన్నాన్న లైటు పట్టాడు. ఆయనకు వదినతో మాటల్లేవు. క్యాసెట్ అంతా వెతికినా ఆ వదిన కొంగు కూడా కనిపించలేదు. ఆవిడ వచ్చి వీడియో అన్నను దుమ్మెత్తిపోసింది. అతను నిలబడి విని, "లైటు రాలేదమ్మా మీ దిక్కు" అన్నాడు, అంతే.

నా పెళ్లికి లైటు మా అన్న పట్టాడు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇల్లు అన్న మీద నడిచింది. కట్టడాల మీద తాపీపని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నా పెళ్లయ్యేదాకా తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆ రోజు వీడియో అన్న గుమ్మంలో నిలబడి "లైటు ఎవలు పడ్తరు?" అనగానే, "నేను పడ్త, తే" అని చెయ్యి చాచాడు. అందరి ముందూ కూచోవడం, ఫొటోలకు నవ్వడం తనవల్ల కావు కాబట్టి లైటు వెనక నిలబడటం అతనికి హాయి అనిపించి ఉంటుంది. ఆ లైటు కాసేపటికే కాలిపోతుంది. చేతికి తడి తువ్వాలు చుట్టుకుని పొద్దున్నించి అప్పగింతలదాకా దించకుండా పట్టాడు. పెళ్లికూతురి అన్నగా పేలాలు పోయాల్సినప్పుడు కూడా లైటు వదలకుండా, మా చిన్నాన్న కొడుకును ముందుకు తోశాడు.

క్యాసెట్ వచ్చాక మా గదిలో అందరం కలిసి చూశాం. పందిరి పచ్చగా వచ్చిందని నవ్వుకున్నాం. అన్న గడప మీద కూచుని, ఎవరెవరు తెర మీద పడుతున్నారో మాకంటే ముందే చెబుతున్నాడు. అన్న తెర మీద లేడన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు. మనిషి గడప మీద ఉన్నాడు గదా.

ఆ ఏడు వానాకాలంలో అన్న పని చేస్తున్న కట్టడం మీద నుంచి జారి పడ్డాడు. నేను వర్లిలో అత్తవారింటి నుంచి వచ్చేసరికి చాల్ ముందు జనం ఉన్నారు. నేను ఏడవలేదు. చాల్ ఆడవాళ్లు నన్ను పట్టుకుని, అన్న గుణాలన్నీ వల్లించి నన్ను ఏడిపించాలని చూశారు. లోపల పెట్టుకుంటే మంచిది కాదట. వాళ్లు అలిసిపోయారు గానీ నాకు ఏడుపు రాలేదు. వాళ్ల చేతుల్లో చెమట, ఎవరి నోట్లోనో తంబాకు వాసన, అవి మాత్రం తెలిశాయి. అమ్మ కూడా ఏడవలేదు. గోడకు ఆనుకుని, వచ్చేవాళ్లను ఎవరో తెలియనట్టు చూసింది.

దినాలన్నీ అయ్యాక అమ్మ నోరు విప్పింది.

"పెండ్లి క్యాసెట్ వెట్టుర్రి. అండ్ల వాడు తిరుగుతుంటడు గదా. ఒక్కసారి నడుసుడు సూస్త."

గోడకు అన్న ఫొటో ఉంది, పని దగ్గర కార్డు కోసం తీయించుకున్నది. దాని వైపు చూపించాను.

"గండ్ల బిగుసుకొని కూసున్నడు. వాడెన్నడన్న గట్ల కూసున్నడా? నాకు నడుసుడు గావాలె."

కబురు పెడితే ఆదివారం పొద్దున వచ్చాడు వీడియో అన్న, వీసీఆర్‌ను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని. టీవీ పక్క గదివాళ్లు ఇచ్చారు. వైర్లు కలపకుండా నన్ను వరండాలోకి పిలిచాడు.

"టీచరమ్మా, అండ్ల వాడు లేడు."

నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు. కింద కుళాయి దగ్గర ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను.

"పెద్దమ్మకు ఎట్ల జెప్పాలె?" అన్నాడు.

"చెప్పకు. పెట్టు" అన్నాను.

పెట్టాడు. అమ్మ టీవీకి దగ్గరగా, చూపు ఆనదని మరీ దగ్గరగా కూచుంది. నా పెళ్లి మొదలైంది. గొంగడి మీద నా పేరు నేను రాసుకున్న అక్షరాలు ఎగిరిపోయాయి. ఆ తర్వాత తెర మీద అమ్మ. గాడిపొయ్యి దగ్గర అమ్మ. విస్తర్ల కట్ట విప్పుతూ అమ్మ. ఎవరో ముసలమ్మను చెయ్యి పట్టుకుని కూచోబెడుతూ అమ్మ. తాళి కడుతున్నప్పుడు కెమెరా మా మీద కాస్త నిలిచి, పక్కకు జరిగి, చెంగుతో ముఖం తుడుచుకుంటున్న అమ్మ మీద ఆగింది. ఆగి చాలాసేపు కదల్లేదు. పెళ్లికూతుర్ని నేనో అమ్మో తెలియనట్టుంది ఆ క్యాసెట్. మొదట చూసినప్పుడు దీనికి కూడా నవ్వుకున్నాం.

"గిదేంది, ఎప్పుడు సూడు నేనే ఉన్న?" అంది అమ్మ.

వీడియో అన్న గోడవారగా మోకాళ్లు ముడుచుకుని కూచున్నాడు.

"లైటు వాని చేతుల ఉండె పెద్దమ్మా. వాడు నిన్నే సూసిండు. గిదంత వాడు సూసిందే."

మంచి మాట అన్నాడనుకున్నాను. ఇంకో తల్లి అయితే ఆ మాట పట్టుకుని బతికేదేమో. అమ్మ అతని వైపు తిరిగింది.

"నన్ను నేనేం జేసుకుంట కొడుకా? అద్దంల రోజు సూస్తనే ఉన్న. వాణ్ణి జూపియ్యి."

అతను లేచి క్యాసెట్ ఆపాడు. వీసీఆర్‌ను మళ్లీ దుప్పట్లో చుట్టి, నేను పెట్టిన చాయ్ తాగకుండా మెట్లు దిగిపోయాడు. తప్పించుకున్నాడనుకున్నాను. నాకు కోపం కూడా రాలేదు.

కొన్నాళ్లకు బడి విరామంలో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

"మీ అన్న ఎవలెవల పెండ్లిండ్లకు పోయిండు టీచరమ్మా? పోయి, బువ్వ తిన్నడా?"

పిచ్చిపట్టిందా అనుకున్నాను. "తింటే ఏంది, తినకుంటే ఏంది?" అన్నాను విసురుగా.

"పంగత్‌ల అయితెనే దొరుకుతడు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. పంగత్ అంటే భోజనాల బంతి. మా వాళ్ల వీడియోల్లో పెళ్లికూతురు సగం రాకపోయినా ఊరుకుంటారు గానీ, బంతిలో కూచున్న ప్రతి మనిషీ పడాలి. వచ్చినవాళ్లంతా కడుపునిండా తిన్నారని రుజువు ఉండాలి, రేపు ఎవరూ మాకు అన్నం పెట్టలేదని ఊళ్లో అనకూడదు. ముద్ద నోట్లో ఉండగా ముఖం మీద హాలోజన్ లైటు కొట్టించుకుని తినేవాళ్లం అందరమూ. అన్న కూడా ఎవరి బంతిలోనో పడి ఉండాలి.

చిక్కేమిటంటే అన్న మొదటి బంతిలో కూచునే మనిషి కాదు. ఎవరి పెళ్లికి పోయినా చొక్కా విప్పి గుంజకు తగిలించి, నీళ్లు మోయడం, వడ్డించడం. తినేది ఆఖరి బంతిలో, ఇంటివాళ్లతో. అప్పటికి చాలాసార్లు లైటు ఆర్పేసి ఉంటారు. గుర్తున్న పెళ్లిళ్లన్నీ చెప్పాను. కొన్ని క్యాసెట్లు ఊళ్లకు పోయి తిరిగి రాలేదు. కొన్నిటి మీద ఎవరో సినిమాలు ఎక్కించేసుకున్నారు. ఉన్నవాటి కోసం అతను కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు, మా గల్లీలు, వర్లి, ధారావి. పెళ్లి జరిగిన ఇంటికి పోయి, మీ క్యాసెట్ ఒకసారి ఇయ్యండి, మీ ఆఖరి బంతి చూడాలి అంటే వాళ్లేమనుకున్నారో నాకు తెలియదు. నేనైతే అతన్ని ఆ పని చేయమని అడగలేదు. వద్దని కూడా అనలేదు.

ఒక ఆదివారం మళ్లీ దుప్పటి మూటతో గడపలో నిలబడ్డాడు.

"దొరికిండు" అన్నాడు.

అది మా కింది అంతస్తువాళ్ల కూతురి పెళ్లి క్యాసెట్. అతను ముందే చూసి సరిగ్గా అక్కడికి తిప్పి తెచ్చాడు. ఆఖరి బంతి. ఊడ్చేసిన నేల, సగం మడిచిన చాపలు. లైటు ఒక్కొక్క విస్తరి మీదుగా జరుగుతూ వస్తోంది. ఆ కొసన అన్న. బనియన్ మీద, తల వంచుకుని, ఆకలిగా తింటున్నాడు. లైటు ముఖం మీద పడగానే ముద్ద మధ్యలో ఆగిపోయింది. ఎడమ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. లైటు పట్టినవాడెవడో అన్నతో చనువున్నవాడు, కావాలనే అక్కడ నిలిపాడు. "తిను తిను, జర నవ్వు" అని తెర లోంచి వీడియో అన్న గొంతు వినిపించింది. అన్న చేతి కింద నుంచి నవ్వాడు. పొమ్మన్నట్టు ఆ చెయ్యి ఊపి, మళ్లీ కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. లైటు పోలేదు.

అంతే ఉంది. అమ్మ "మల్ల" అంది. అతను వెనక్కి తిప్పి పెట్టాడు. అమ్మ ముందుకు జరిగి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా పోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ లైటు వచ్చింది, మళ్లీ ముద్ద ఆగింది. అమ్మ నడుసుడు కావాలన్న మాట మరిచిపోయింది. ఇంకోసారి లైటు అన్న మీద పడగానే వెనక్కి తిరిగి వీడియో అన్న వైపు చూసింది.

"లైటు తియ్యి కొడుకా. పోరడు తింటలేడు."

తెర మీద లైటు అన్న మీదే ఉంది.

"కండ్లల్ల వడ్తుంది. దినమంత పనిజేసి ఇప్పుడు కూసున్నడు. రెండు బుక్కలు తిననియ్యుర్రి."

అది జరిగిపోయిన పెళ్లి పెద్దమ్మా అని చెప్పవచ్చు. నేనైతే చెప్పేదాన్నే, బళ్లో పిల్లలకు చెప్పినట్టు. అతను లేచి టీవీ దగ్గరికి పోయి గొంతుక్కూచున్నాడు. కింద వరసలో ఉన్న చిన్న నాబ్ పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. బొమ్మ మసకబారింది. అన్న చెయ్యి, ఆ తర్వాత ముఖం, ఆ తర్వాత తెల్ల బనియన్ కూడా నల్లబడిపోయాయి. చప్పుడు మాత్రం ఉంది. బకెట్‌లో గరిటె తిరుగుతోంది, ఎవరో పప్పు ఇటు తెమ్మంటున్నారు, ఎవరో నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. అన్న పోయాక అదే మొదలు. అతను నా వైపు చూడలేదు. ఆ నల్లటి తెర ముందు, నాబ్ మీద నుంచి చెయ్యి తీయకుండా అలాగే కూచున్నాడు.

అమ్మ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"ఇగ తింటడు" అంది.